లాంప్‌రూమ్ నర్సమ్మ ఎంచిన దుర్భిణి

అప్పలనర్సమ్మ భర్త లక్ష్మీపతి ఖరగ్‌పూర్ స్టేషన్ లాంప్‌రూమ్‌లో పనిచేసేవాడు. 1951లో టైఫాయిడ్ వచ్చి పోయాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఒక్కతే కూతురు, కోటేశ్వరి. పలాస నుంచి అన్నదమ్ములు వచ్చి ఊరికి రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు. రైల్వేవాళ్లు భర్త చేసిన చోటే ఖలాసీ పని ఇస్తే చేరిపోయింది. సిగ్నళ్లకు కరెంటు దీపాలు వచ్చేదాకా ఆ గదిలోనే ఉంది.

పొద్దున్నే సిగ్నళ్ల దీపాలూ, బండి వెనకాల తగిలించే ఎర్రదీపాలూ మసిపట్టి వచ్చేవి. వత్తులు కత్తిరించి, కిరసనాయిలు పోసి, అద్దాలు తుడిచి సాయంత్రానికి తిరిగి పంపాలి. మిగతావాళ్లు అద్దం మీద గుడ్డ ఒకసారి తిప్పి వదిలేసేవారు. ఆమె పాత పంచె ముక్కకు సుద్దపొడి అద్ది తుడిచి, అద్దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకునేది. కిటికీ ఊచలు అందులో చెదరకుండా కనబడితేనే పక్కన పెట్టేది. అక్షరం ముక్క రాదు గాని, అద్దం మంచిచెడ్డలు ఆమెకు తెలిసినట్టు ఫోర్‌మన్‌కి కూడా తెలియవనేవారు.

1969లో మనుషులు చంద్రుడి మీద దిగారని రేడియోలో చెప్పినప్పుడు కోటేశ్వరి కూతురు గౌరికి ఆరేళ్లు. అందరూ ఖరగ్‌పూర్‌లోనే పూరీ గేట్ దగ్గర ఒకే ఇంట్లో ఉండేవారు. వాన వెలిసిన ప్రతి సాయంత్రం ఆ పిల్ల వాకిట్లో నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసేది.

"అమ్మమ్మా, ఆళ్లు కనపడ్డం నేదేటి?"

"అంత దూరం కంటికి ఆనదమ్మా."

"దూర్బీన్‌తో ఆనుతాదంట. బళ్లో టీచరు దీదీ సెప్పింది. నాకోటి కొను."

అల్లుడు మురళి నవ్వాడు. "ఆరేళ్ల గుంటకి దుర్భిణేటత్తా? పెద్దయ్యాక సూద్దాం."

"పెద్దయ్యాక అడుగుద్దో నేదో" అంది అప్పలనర్సమ్మ.

వారం సెలవు రోజున గోల్‌బజార్ వెళ్లింది. మల్లికార్జునరావు బొమ్మల దుకాణంలో ఒక రేకు దుర్భిణి ఉంది. నీలం రంగు వేసి, దాని మీద నక్షత్రాలు గీశారు.

"వంద రెట్లు పెద్దగా సూపిస్తాదప్పా. డబ్బా మీదే రాసుంది" అన్నాడు మల్లికార్జునరావు.

ఆమె మూత తీసి, ముందరి అద్దాన్ని గుమ్మం వెలుతురుకు పట్టింది. గుమ్మం అందులో మూడు ముక్కలై కనిపించింది.

"అద్దవే వంకర బాబూ. దీంట్లో సూస్తే వంకరే వంద రెట్లవుద్ది."

మల్లికార్జునరావుకి కోపం రాలేదు. దాన్ని డబ్బాలో పెట్టేస్తూ, "గార్డు విల్‌ఫ్రెడ్ సాబు ఆస్ట్రేలియా ఎల్లిపోతన్నాడంట. ఇంట్లో సామానంతా అమ్మేస్తన్నాడు. ఆయన కాడ పాత దూర్బీన్ ఉన్నాది, అడిగి సూడు" అన్నాడు.

విల్‌ఫ్రెడ్ ఆమెకు తెలిసిన మనిషే. ఆయన చేతిదీపం ఎన్నో ఏళ్లుగా ఆమె తుడిచినదే. దసరా అష్టమి నాటి సాయంత్రం గౌరిని వెంటబెట్టుకుని ఆయన బంగళాకు వెళ్లింది. దూరంగా పూజా పందిట్లో డోళ్లు మోగుతున్నాయి. వరండాలో మూడు కాళ్ల కర్రస్టాండ్ మీద నిలువెత్తు ఇత్తడి దుర్భిణి నిలబెట్టి ఉంది.

"మా తాత ఓడలో పనిచేసినప్పటిది, నర్సమ్మా. ఇలాంటిది కలకత్తాలో కూడా దొరకదు" అన్నాడు విల్‌ఫ్రెడ్. ఆయనకు తెలుగు బాగానే వచ్చు.

ఆమె ముందు అద్దం చూసింది. గీత లేదు, బుడగ లేదు. తర్వాత ఒక కన్ను మూసి గొట్టంలోకి చూసింది. సగం చంద్రుడు కొబ్బరిచిప్పలా ఉన్నాడు. కోసినట్టున్న అంచు పొడుగునా గుంటలు, గుంటల్లో నీడలు. నలభై ఆరేళ్లు వచ్చినా ఆమె అలాంటిది చూడలేదు. చాలాసేపు కన్ను తీయలేదు. గౌరి చీర లాగితే పక్కకు జరిగింది.

పిల్లకి గొట్టం అందలేదు. స్టూలు వేశారు. గౌరి ఒక కన్ను మూయబోతే రెండూ మూసుకున్నాయి. అరచేత్తో ఒక కన్ను కప్పుకుంటే మోచెయ్యి గొట్టానికి తగిలి స్టాండ్ ఊగింది. విల్‌ఫ్రెడ్ మళ్లీ సరిచేశాడు. మళ్లీ ఊగింది. నాలుగోసారికి గౌరి, "కనపడింది" అంది.

"ఏటి కనపడింది?"

"సందమామ. తెల్లగా, గుండ్రంగా."

అప్పలనర్సమ్మ ఆకాశం వైపు చూసింది. అక్కడున్నది సగం చంద్రుడే. పిల్లని స్టూలు మీంచి దించింది.

"ఇది వద్దు సాబూ."

"అద్దం బాగా లేదా?" విల్‌ఫ్రెడ్ ఆశ్చర్యపోయాడు.

"అద్దం బంగారవే. నాకైతే ఇప్పుడే పట్టుకుపోదును. గుంటకి పనికిరాదు. రెండు కళ్లతో సూసేదేటైనా ఉన్నాదా?"

ఆయన లోపలికెళ్లి, కాసాయి నది ఒడ్డున పిట్టల్ని చూడడానికి వాడిన రెండు గొట్టాల దుర్భిణి తెచ్చాడు. పైతోలు ఊడిపోయింది. "ఇది అంత పెద్దగా చూపించదు" అని ముందే చెప్పాడు.

ఆమె పైట చెంగుతో దాని అద్దాల మీది దుమ్ము తుడిచింది. దానికున్న తోలు పటకా గౌరి మెడకు సరిపోయేలా ముడివేసింది. పిల్ల మోచేతులు రెండూ వరండా పిట్టగోడ మీద ఆనించి, "ఇప్పుడు సూడు" అంది.

గౌరి గట్టిగా అరిచింది. "సగవే ఉన్నాది! అంచంతా కొరికేసినట్టున్నాది, అమ్మమ్మా! మనుషులు మాత్రం నేరు."

"ఆళ్లెప్పుడో ఇంటికెళ్లిపోయినారు."

విల్‌ఫ్రెడ్ దానికి డబ్బు తీసుకోలేదు. ఇత్తడిది తర్వాత కలకత్తా నుంచి ఎవరో వచ్చి కొనుక్కుపోయారు. ఆ మాట విన్న రోజు అప్పలనర్సమ్మ అన్నం సరిగా తినలేదని కోటేశ్వరి తర్వాత చెప్పింది.

మరుసటి ఏప్రిల్‌లో తూర్పున తోకచుక్క వచ్చింది. తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరుతూ అప్పలనర్సమ్మ గౌరిని లేపి డాబా మీదికి తీసుకెళ్లింది. రెండు గొట్టాల దుర్భిణిలో తలా తోకా ఒకేసారి పట్టాయి. నాలుగో రోజుకి చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా మెట్లెక్కారు.

"తోకసుక్క సూడకూడదంటారమ్మా" అని కోటేశ్వరి వెనక్కి తగ్గింది.

"నీ కూతురు మూడ్రోజుల్నించి సూస్తంది. దానికేటైనాది?"

గౌరి పటకా తన మెడలోంచి తీసి తల్లి మెడలో వేసింది. కోటేశ్వరి ముందు ఒక కన్ను, తర్వాత రెండోది తెరిచింది. "ఎంత పొడుగున్నాదో!" అంది. వెనకాలవాళ్లు తొందరపెడుతున్నా దుర్భిణి ఇవ్వలేదు.

అప్పలనర్సమ్మ టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. అప్పటికే ఆలస్యమైంది. లాంప్‌రూమ్‌లో దీపాలు వచ్చి ఉంటాయి.