మగ్గాలు ఆగిన గంట

మొన్న ఎండలు ముదరకముందు మా చెల్లెలి కూతురు నాలుగు రోజులు ఉండిపోదామని ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చింది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. వచ్చిన మర్నాడే లాప్‌టాప్ ముందు పెట్టుకుని, ఆ మధ్యాహ్నం తనకు జర్మనీ నుంచి ఇంటర్వ్యూ ఉందనీ, వేసవి రెండు నెలలూ అక్కడి లాబ్‌లో పరిశోధన చెయ్యడానికి విమానం ఖర్చుతో సహా వాళ్లే భరించి పిలిపించుకుంటారనీ, కాబట్టి ఆ గంటసేపు బయట ఎవరూ గోల చెయ్యకుండా పెద్దమ్మ కాస్త చూడాలనీ చెప్పింది. బియ్యం చెరుగుతున్న చాట నా చేతిలో అలాగే ఉండిపోయింది. అచ్చం ఇదే పని కోసం ఇదే గడప దాటి మా నాయన వీధిలోకి వెళ్లిన రోజు ఒకటుంది. ఆ సంగతి ఈ పిల్లకు తెలియదు. నేనూ ఎవరికీ చెప్పుకోలేదు.

నలభై దాటిన నావంటి వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఇంట్లో కంప్యూటర్ అన్న మాటే లేదు, ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాలి. నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోనికి వెళ్లి బీఎస్సీ చదివేదాన్ని, కాలేజీ వదిలాక మార్కెట్ యార్డు దారిలో ఉన్న సెంటర్‌లో ప్లైవుడ్ అరలో కూర్చునేదాన్ని. పత్తి కాలంలో బళ్ల మీద నుంచి ఎగిరివచ్చిన దూది ఆ కీబోర్డు సందుల్లో కూడా ఇరుక్కుని ఉండేది, ఒక అక్షరం నొక్కితే రెండు పడేవి. ఇలా విదేశాల్లో వేసవి పరిశోధనకు డబ్బిచ్చి మరీ పిలుస్తారని చెప్పింది మా కెమిస్ట్రీ మేడమ్. ఆమె చెప్పకపోతే అలాంటిది ఒకటి ఉంటుందని మా వైపు ఎవరికి తెలుస్తుంది! ఏ ప్రొఫెసర్ ఏ పని చేస్తున్నాడో వెతికి, రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టి, సెలవు కోసం హెడ్మాస్టరుకు పెట్టుకునే అర్జీలాగా వినయంగా ఈమెయిల్ రాసి పంపేదాన్ని. ఒకసారి తొందరలో ఒక ప్రొఫెసర్‌కు ఇంకొక ప్రొఫెసర్ పేరుతో పంపేశాను. పంపినది వెనక్కి లాక్కునే మార్గం ఉందేమోనని సెంటర్ నడిపే అన్నను అడిగితే, పోస్టు డబ్బాలో వేసింది చెయ్యి పెట్టి తీస్తామా అని నవ్వాడు.

జవాబులు రావు. అదీ అసలు బాధ. కాదంటే కాదని చెప్పినా మనసు కుదుటపడుతుంది, ఏమీ అనకుండా ఊరుకుంటే ఏం చెయ్యాలి? బస్సులో తిరిగి వస్తుంటే, నా ఉత్తరం చదవకుండానే తీసేశారా, చదివి నవ్వుకున్నారా, అసలు చేరనే లేదా అని అదే గోల మనసులో. ఎవరిని పట్టుకుని అడుగుతాం?

ఆ ఉత్తరాల్లో నేను అడిగింది మాత్రం మా ఇంటి సంగతే. మా వీధి మొత్తం మగ్గాల వీధి, నాయన తువ్వాళ్లూ దుప్పట్లూ నేసి చేనేత సొసైటీకి వేసేవాడు. కొన్ని ఎర్ర నూలుపోగులు ఎన్ని ఉతుకులకైనా అలాగే ఉండేవి, కొన్ని మొదటి ఉతుక్కే పక్క తెల్లపోగును కూడా గులాబీ చేసి కూర్చునేవి. నూలుకు రంగు ఎందుకు పట్టుకుంటుంది, ఎందుకు వదిలేస్తుంది అన్నది చిన్నప్పటి నుంచి నాకు పట్టిన పిచ్చి. రంగుల మీద పనిచేసే ఒక జర్మన్ ప్రొఫెసర్‌కు అదే రాశాను. ఆయన జవాబిచ్చాడు! మీ ప్రశ్న బాగుంది, ఖర్చులిచ్చే కమిటీకి పేరు పంపేముందు ఒకసారి ఫోన్లో మాట్లాడాలి, ఈ గురువారం గానీ వచ్చే సోమవారం గానీ మా ఉదయం పది గంటలకు వీలవుతుందా అని అడిగాడు. ఆ అరలోనే కూర్చుని ఏడ్చాను, పక్క అరలో ఎవరో సినిమా పాటలు పెట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఆ గురువారం కొత్త అమావాస్య, మర్నాడు ఉగాది. మా అవ్వ, అంటే నాయన వాళ్ల అమ్మ, ఆ మాట వింటూనే అడ్డం తిరిగింది.

“అమాసనాడు మగ్గం గుంతలోనే కాలు పెట్టం గదమ్మా, అంత దూరం పోయే మాట ఆ పొద్దే మాట్లాడాల్నా?” అంది.

కాళ్లు గుంతలో పెట్టుకుని నేసే మగ్గాలు మావి, అమావాస్యనాడు మా వాళ్లు నెయ్యరు. ఆ ఒక్క రోజు వీధిలో చప్పుడుండదు, మగవాళ్లు అరుగుల మీద కూర్చుంటారు, మగ్గాలకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటారు. మంచి పని మొదలుపెట్టేందుకు అది రోజు కాదని అవ్వకే కాదు, నాయనకూ నమ్మకమే. నిజం చెప్పాలంటే నాకూ ఎక్కడో భయం ఉంది. అంత కష్టపడి వచ్చినదాన్ని అమావాస్య చేతిలో పెట్టడం దేనికని సోమవారమే వీలవుతుందని రాశాను. వాళ్ల పది గంటలంటే మనకు మధ్యాహ్నం రెండున్నర అని మేడమూ నేనూ లెక్క కట్టుకున్నాం.

ఇక ఫోను ఎక్కడ మాట్లాడాలి? ఉన్నది నాయన సెల్‌ఫోన్ ఒకటే, ఊరి బయటికి వెళితే సిగ్నల్ అందేది కాదు, కాలేజీకి పరీక్షల సెలవులు. ఇంట్లోనే మాట్లాడాలంటే వీధి నిండా మగ్గాలు. నాయన ఆదివారం సాయంత్రం ఇంటింటికీ వెళ్లి, సోమవారం రెండున్నర నుంచి ఒక గంట ఆపండప్పా, మా పాపకు దేశం కాని దేశం నుంచి ఫోను వస్తాది అని చెప్పి వచ్చాడు. మనిషి మొహమాటస్తుడు, ఇంకొకరిని ఉప్పు కూడా అడగడు. నా కోసం అడిగాడు.

ఎదురింటి మామ మా చుట్టం కాదు, వరసకు మామ. ఆ ఏడు ఆయన మగ్గం మీద తొందరగా దించాల్సిన దుప్పట్ల పడుగు ఉంది. అయినా, “గంట ఏంది అన్నా, పొద్దుగూకులూ ఆపుతాం, పాప పోయి రావల్ల,” అన్నాడట.

సోమవారం పొద్దున్నుంచీ వీధి అదిరిపోయింది. రెండున్నరకు ఆపాలి కదా, ఆ గంట పనిని ముందే లాగేద్దామని అందరూ భోజనానికి కూడా లేవకుండా నేస్తున్నారు. ఒంటిగంటన్నరకు నాయన మరోసారి గుర్తుచేసి వస్తానని వీధి చివరకు వెళ్లాడు. నేను తల దువ్వుకుంటున్నాను. చార్జింగుకు పెట్టిన ఫోను మోగింది.

ఇంకా గంట ఉంది కదా, ఎవరో అనుకుని ఎత్తాను. ఆ ప్రొఫెసరే. మెల్లగా, మర్యాదగా ఏదో అంటున్నాడు. రెండు పక్కల నుంచీ ఎదుటి నుంచీ మగ్గాల దెబ్బలు పడుతుంటే ఆయన మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. లోపలి గదిలోకి పరుగెత్తి తలుపేసుకున్నాను, మంచం మీది దుప్పటి తల మీంచి కప్పుకున్నాను. పార్డన్ సర్, పార్డన్ సర్ అని ఎన్నిసార్లు అన్నానో. ఒక మాట మాత్రం తెలిసింది, ఆ చప్పుడు ఏమిటని అడిగాడు. అది మగ్గం సర్, నేను మీకు రాసిన ప్రశ్న పుట్టింది అక్కడే అని చెప్పాల్సిందా లేదా? నా నోటికి సారీ సర్ తప్ప ఇంకేమీ రాలేదు. ఆఖరున ఆయన ఏదో అడిగాడు, నేను థాంక్యూ సర్ అన్నాను. ఫోను పెట్టేశాడు. మళ్లీ చెయ్యమంటారా అని అడిగాడో, ఇక చాలు అన్నాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

దుప్పటి తీసేసరికి నాయన గుమ్మంలో ఉన్నాడు. చెప్పాను. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మళ్లీ చేస్తాడేమో ఉండమ్మా, మనం చెప్పిన టయం ఇంగా కాలేదు గదా అన్నాడు. నాక్కూడా అదే ఆశ.

సరిగ్గా రెండున్నరకు వీధి చివర నుంచి ఒక్కొక్క మగ్గమే ఆగుతూ వచ్చింది. అందరికంటే ఆఖరున మామది ఆగింది. ఎవరో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని వెనక వీధికి వెళ్లారు. కుండలమ్మే బండివాణ్ణి సందు మొదట్లోనే ఆపేశారట, తర్వాత తెలిసింది. అంత నిశ్శబ్దంలో నేనూ నాయనా ఆ ఫోనును మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అవ్వ దేవుడి పటం ముందు కూర్చుంది. బయటికి వెళ్లి, ఇక వద్దు, నేసుకోండప్పా అని చెబుదామని లేచి మళ్లీ కూర్చున్నాను, ఒకవేళ మోగితే? మోగలేదు. ఇంతమంది పని ఆపుకుని కూర్చుంటే మోగని ఆ ఫోనును నేలకేసి కొట్టాలనిపించింది. అంత చేతకానితనం నా జన్మలో మళ్లీ ఎరగను.

గంట దాటాక మామ గడప బయటే నిలబడి, అయిపోయిందా, మొదలుపెట్టమంటావా అని గుసగుసగా అడిగాడు. నాయన లేచి వెళ్లి, అయిపోయింది, పెట్టుకోండప్పా, మంచిగా మాట్లాడింది అన్నాడు. మగ్గాలు మళ్లీ మొదలైనాక, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదని, గట్టిగా ఏడ్చాను.

మర్నాడు ఆదోని సెంటర్‌కు వెళ్లి చూస్తే ప్రొఫెసర్ ఉత్తరం ఉంది. లైను బాగాలేనందుకు విచారిస్తున్నాననీ, కమిటీకి పేరు ఆ రోజే పంపాల్సి వచ్చిందనీ, వేరొకరిని పంపాననీ రాశాడు. గంట తేడా ఎందుకు వచ్చిందో ఆ సెంటర్‌లోనే వెతికి తెలుసుకున్నాను. ఆ దేశంలో ఎండాకాలం దగ్గరపడగానే గడియారాలను ఒక గంట ముందుకు తిప్పుకుంటారట, అదీ ఫోనుకు ముందురోజు ఆదివారమే తిప్పారట, దాంతో వాళ్ల పది మనకు ఒంటిగంటన్నర అయింది! ముల్లును మనుషులు చేత్తో తిప్పుకుంటారని ఎవరైనా కలగంటారా? జరిగింది వివరంగా రాశాను. ఆయన మంచివాడు, పై ఏడు మళ్లీ ప్రయత్నించమన్నాడు. పై ఏడు నా డిగ్రీ అయిపోయింది, చదువు మధ్యలో ఉన్నవాళ్లకే ఆ అవకాశం. ముందుగానే తీయించుకున్న పాస్‌పోర్టు ఒక్క ముద్రా పడకుండా గడువు తీరిపోయింది. నేను ఇక్కడే జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. బతుకు బాగానే ఉంది, కాదనను. కానీ ఎర్ర నూలు చూస్తే చెయ్యి ఆగుతుంది.

ఆ గురువారమే ఒప్పుకుని ఉంటే గడియారం అప్పటికి మారి ఉండేది కాదు, మగ్గాలూ ఆడేవి కావు. అవ్వకు ఈ మాట మేమెవరం అనలేదు, ఆమెకే తట్టింది. పోయేదాకా అప్పుడప్పుడూ నా తల నిమురుతూ, అమాసనాడే అయ్యింటే ఈది నిద్దరపోయిండేది గదమ్మా అనేది. నేను ఆమె చెయ్యి పట్టుకునేదాన్ని.

మొన్న మా పిల్లను టైము సరిగ్గా చూసుకున్నావా అని అడిగితే, లాప్‌టాపే మన టైములో చూపిస్తుంది కదా పెద్దమ్మా అని నా వైపు జాలిగా చూసింది. నిజమే. తలుపు దగ్గరగా వేసి, నాయనలాగే వీధిలోకి వెళ్లాను. చెప్పడానికి ఏ గుమ్మం ముందు ఆగాలో తెలియలేదు. మగ్గాలున్న గదులన్నీ ఇప్పుడు అద్దెకిచ్చారు, గుంతలు పూడ్చి బండలు పరిచారు. పిల్లలు బడికి వెళ్లారు, మిగిలినవాళ్లు టీవీల ముందున్నారు. ఒకప్పుడు నెలకొక్కసారి వచ్చే ఆ నిశ్శబ్దం ఇప్పుడు మా వీధికి రోజూ ఉంది. నాకు ఆ రోజు కావలసింది ఇదే, దీని కోసం నాయన ఇంటింటికీ తిరిగాడు. ఇలా వస్తుందనుకుంటే ఎవరు అడుగుతారు?

ఎదురింటి మామ అరుగు మీద గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. చూపు తగ్గింది, అడుగుల చప్పుడును బట్టి నన్ను గుర్తుపట్టాడు. మా పిల్లకు జర్మనీ నుంచి ఫోను వస్తోందని, ఊరికే, చెప్పకుండా ఉండలేక చెప్పాను. ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది, వెనక్కి తిరిగి తన గది వైపు చూశాడు. ఆ గదిలో అద్దెకున్నవాళ్ల సైకిళ్లు ఉన్నాయి.

“ఆపల్నామ్మా?” అన్నాడు.

ఆపు మామా, ఒక గంట అన్నాను.