ఎలుకల కాపలా

నా చిన్నప్పుడు, ఒక మార్గశిర మాసంలో, మా ఇంటిల్లిపాదికీ ఫ్లూ జ్వరం పట్టుకుంది. ఇంటిల్లిపాదీ అంటే నాన్న, అమ్మ, నాయనమ్మ, ఇద్దరన్నలు. తాతయ్యకి అందరికంటే ముందే వచ్చి తగ్గిపోయింది. నాకు అసలు రాలేదు. రానందుకు నేను పడ్డ అవస్థ వచ్చినవాళ్లెవరూ పడలేదు.

మాది బొబ్బిలి పక్క పల్లె. తాతయ్య వీణలు చేసేవాడు. ఆ శనివారం బొబ్బిలి పెద్ద బడిలో ఎక్కాల పోటీ ఉంది. మా బడి నుంచి నన్నొక్కదాన్నే పంపుతున్నారు. గెలిస్తే కొత్త జామెట్రీ పెట్టె ఇస్తారు. అన్నల నుంచి నాకు దిగిన పెట్టెకి మూత లేదు, అందులో కంపాసు ఒంటికాలి మీద ఉండేది. అందుకని ఆ కొత్త పెట్టె మీద నా ప్రాణమంతా పెట్టుకున్నాను.

జబ్బువాళ్లందరినీ ఒకే గదిలో ఉంచమని కంపౌండరు చెప్పి వెళ్లాడు. ఆ మాట నాయనమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. పాటించి, ఆడపిల్ల ఒంటరిగా పడుకోకూడదని, నన్ను కూడా తీసుకెళ్లి వాళ్ల మధ్యనే పడుకోబెట్టింది.

నాన్న దగ్గితే పనస దుంగ మీద రంపం లాగినట్టుండేది. అమ్మ దగ్గే ముందు నోటికి అడ్డం పెట్టుకోడానికి కొంగు వెతుక్కునేది. ఆ గాజుల చప్పుడుకే నాకు మెలకువ వచ్చేసేది. అన్నలకి దగ్గులో కూడా పోటీయే, ఒకడు ఆపితే రెండోవాడు అందుకునేవాడు. వీటన్నిటికీ ఎలాగో అలవాటుపడి కళ్లు మూతపడుతుంటే, చీకట్లోంచి నాయనమ్మ, "పడుకున్నావేటే?" అని అడిగేది. పడుకున్నానంటే, "పడుకున్నదానివి ఎలా పలుకుతన్నావు?" అనేది. పలక్కపోతే నాకూ జ్వరం తగిలిందేమోనని లేచి వచ్చి ఒళ్లు పట్టుకుని చూసేది.

అలా బుధవారం నిద్ర లేదు, లక్ష్మివారం కూడా లేదు. శుక్రవారం సాయంత్రం తాతయ్య ముందు కూర్చుని పదమూడో ఎక్కం మొదలుపెట్టాను. పదమూడార్లు ఎనభై ఎనిమిది అన్నాను. తాతయ్య చేతిలో ఉలి ఆగింది. తప్పు నాకే తెలిసి, ఏడుపొచ్చింది. ఇవాళ కూడా నిద్రపోకపోతే రేపు రెండో ఎక్కం కూడా రాదని చెప్పాను.

తాతయ్య నన్ను ఓదార్చలేదు. "ఐతే మంచిదే. ఎలాగూ నిద్ర పట్టదు కదా, నాకు కాపలాకి ఓ మనిషి కావాల," అన్నాడు.

నాయనమ్మకి ఏం చెప్పాడో తెలీదు గానీ, ఆ రాత్రి నన్ను పెరట్లో వీణల పాకలోకి తీసుకెళ్లాడు. అక్కడ చాప మీద ఒక వీణ ఉంది. దాని పొడవాటి మెడ, అదే దండి మీద కొత్తగా పెట్టిన నల్లటి మైనం, మైనం మీద నిలబెట్టిన ఇత్తడి మెట్లు. మైనం ఇంకా మెత్తగానే ఉంది.

"ఎలుకలకి మైనమంటే మా ఇష్టం. కొరికీసినాయంటే నా పనంతా పోయినట్టే. తెల్లారేదాకా సూస్తూ కూకో. కన్ను మూసేవంటే సూడు మరి," అని దుప్పటి కప్పి, తను గుమ్మం దగ్గర మంచం వాల్చుకున్నాడు.

నేను కళ్లు పెద్దవి చేసుకుని కూర్చున్నాను. రెండు రోజుల నుంచి నన్ను నిద్రపో నిద్రపో అన్నవాళ్లే గానీ, పోవద్దన్నవాళ్లు లేరు. ఎలుక ఎటునుంచి వస్తుందా అని చూశాను. పాకలో ఉండే పిల్లి నా పక్కకొచ్చి ముడుచుకుంది. పిల్లి ఉన్నచోట ఎలుకలకి కాపలా ఎందుకని, ఎక్కాల పోటీకి వెళ్లాల్సిన పిల్లకి తట్టలేదు. ఆ తర్వాతేం జరిగిందో నాకు గుర్తు లేదు.

తెల్లారి లేచేసరికి నా తల వీణ మీద ఉంది. మెట్లు కొన్ని పక్కకి ఒరిగిపోయాయి, ఒకటి నా చెంపకి అతుక్కుంది. తాతయ్య పనంతా నాశనం చేశానని బావురుమన్నాను. ఆయన మెట్టు ఊడదీసి, ఆ వీణనే తిప్పి వెనక పగులు చూపించాడు. అది పగిలిపోయిందని ఎప్పుడో పక్కన పడేసిందట. మైనం పాకం కుదిరిందో లేదో చూసుకోడానికి దాని మీద పెట్టేవాడట. "కాపలాకి పనికిరావు గానీ, పద, ఎక్కాలకైనా పనికొస్తావేమో సూద్దాం," అన్నాడు.

ఎంత తోమినా చెంప మీద నలుపు పూర్తిగా పోలేదు. తాతయ్య సైకిల్ మీద బొబ్బిలి చేరేదాకా ఎక్కాలు చెప్పుకుంటూనే ఉన్నాను. పోటీలో మేష్టారు ఎక్కాల కంటే ముందు ఆ మరక సంగతి అడిగారు. మైనమండీ అన్నాను. పదిహేడెనిమిదులు అడిగారు. నూట ముప్పై ఆరు అన్నాను. మళ్లీ ఎక్కడా తడబడలేదు.

జామెట్రీ పెట్టె పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తాను. నాయనమ్మ దుప్పట్లోంచి తల బయటపెట్టి, "రాత్రి పడుకున్నావేటే?" అంది.

మొన్న చలికాలంలో విజయనగరంలో మా అమ్మాయి ఇంట్లో అందరికీ జ్వరాలు. నేను నడుమ గదిలో పడుకున్నాను, నాలుగు వైపులా దగ్గులే. నిద్ర కోసం తంటాలు పడలేదు. దుప్పటి కప్పుకుని, వీణ పాడవకుండా తెల్లారేదాకా చూడాలి, కన్ను మూయకూడదు అనుకున్నాను. ఇన్నేళ్లలో అలా ఎన్నోసార్లు కాపలాకి కూర్చున్నాను. ఆ ఎలుక ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు.