మడమ తిరగాలన్న మనిషి

మా కాలనీ ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పిన కోచ్ సారు పోయిన ఆదివారం గుండె ఆగి చనిపోయారు. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నర్సు డ్యూటీ దిగి వచ్చిన మా అమ్మాయి రాస్తోంది. మెత్తబరచి రాయొద్దని ముందే చెప్పాను.

ఈ హిందీ ఊళ్లో సారు మన తెలుగువైపు మనిషే. సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో ఉండే గుమాస్తా. పొద్దున్నే పిల్లలతో ఆడించి, అక్కణ్ణుంచే ఆఫీసుకు వెళ్లేవారు. మా మనవరాలు ఉత్త చేతుల బలంతో బ్యాటు ఊపేది. బంతి మూలుగుతూ నాలుగడుగులు పోయేది. ఒక చలికాలం పొద్దున నేను మైదానం కమ్మీల మీద కప్పుకునే దూది రజాయి ఆరేసి కర్రతో దులుపుతుంటే సారు ఆట ఆపించారు.

“మీ అమ్మమ్మ కాలు చూడవే. వెనక మడమ లేచి తిరుగుతోంది. దాని వెంట నడుము, చేతులు ఆ తర్వాతే.”

“సర్, వో తో రజాయీ హై, బంతి కాదుగా,” అంది మనవరాలు.

“అయితే నువ్వూ రజాయినే కొట్టు.”

ఆ రోజు నుంచి నా రజాయి వాళ్లదైంది. బ్యాటుతో ఒట్టి చేతుల బలం మీద కొడితే అది ఊగుతుందే గాని దుమ్ము లేవదు. సారు తిట్టేవారు కాదు. “దుమ్మేదమ్మా?” అనేవారు, అంతే. రెండు నెలలకు మా పిల్ల బంతి కంచె దాటింది. ఇన్నేళ్లుగా దులుపుతున్నా నా మడమ తిరుగుతుందని నాకే తెలియదు. నా పనిలో ఒక విద్య ఉందని చూసినవారు ఆయనొక్కరే.

తర్వాత కాలనీ క్రీడల సెక్రటరీ, ప్రాక్టీసుకు రాని తన కూతురిని ముందు బ్యాటింగుకు దించమన్నాడు. సారు కుదరదన్నారు. మర్నాడే సెక్రటరీ ఆట సామాన్ల గది తాళంచెవి ఆయన దగ్గర లాక్కుని కొత్త కోచ్ చేతికిచ్చాడు. నేను నిలదీస్తానంటే సారు చేతులు జోడించారు. “నేనుండగా గొడవ వద్దు పెద్దమ్మా. పిల్లల ఆట ఆగిపోతుంది.” ఏడాది నోరు మూసుకున్నాను. ఆయన రోజూ కంచె అవతల కాసేపు నిలబడి వెళ్లిపోయేవారు.

నిన్న మైదానంలో సంతాప సభ. సెక్రటరీ సారు ఫొటోకు దండ వేసి, ఆయన తనకు అన్నలాంటివాడన్నాడు. పిల్లల బ్యాటింగు మాత్రం కొత్త కోచ్ వచ్చాకే బాగుపడిందన్నాడు. నేను లేచాను.

“తాళంచెవి లాక్కున్న రోజు అన్న గుర్తు రాలేదా?”

“ఛోడియే ఆంటీజీ, వదిలేయండి. ఇప్పుడా మాటలెందుకు?”

“ఇప్పుడే. వద్దన్న మనిషి లేరుగా.”

రజాయి తెచ్చి కమ్మీల మీద వేసి మనవరాలి చేతికి బ్యాటిచ్చాను. ఏడుస్తూ కొట్టింది. రజాయి ఊగింది, అంతే.

“దుమ్మేదే?” అన్నాను.

కళ్లు తుడుచుకుని మడమ తిప్పింది. లేచిన దుమ్ము గాలికి వెళ్లి సెక్రటరీ తెల్ల కుర్తా మీద పడింది. ఎవరు నేర్పారని అందరి ముందూ అడిగాను. “కోచ్ సార్,” అంది. వెనకే మిగతా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కొట్టారు. చివరికి సెక్రటరీ కూతురు కూడా.

సారు మన్నించి పోయారు. నేను మన్నించలేదు. పిల్లలందరి మడమలూ తిరిగిన చోట నేలలో ఒక గుంట పడింది. పొద్దున తోటపని మాలీ పూడ్చబోతే పార లాక్కున్నాను. సెక్రటరీ వాకింగుకు పోయేది ఆ పక్కనుంచే. రోజూ చూడనీ.