సైకిల్ హ్యాండిల్‌కు వేలాడిన సంచి

ఎన్నో ఏళ్లుగా ఒక చిన్న గుడ్డసంచి బరువు మోస్తున్నాను. అందులో మహా అయితే ఒక ఇంటికి నెలకు సరిపడా కందిపప్పు పడుతుంది. ఆ సంచి చిరిగి, మా వంటింట్లో మసిగుడ్డయి, ఎప్పుడో పోయింది. బరువు పోలేదు.

నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర చెబుదామని నోరు తెరిచి, వానల గురించో డ్యూటీ గురించో మాట్లాడి వచ్చేసిన రోజులు చాలా ఉన్నాయి.

అప్పట్లో జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలో మేం నాలుగు తెలుగు కుటుంబాలవాళ్లం పక్కపక్కనే ఉండేవాళ్లం. అందరం శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లమే. నాకు కాంట్రాక్టరు కింద పని. పెళ్లయి మూడేళ్లు కాలేదు. మా పాప అప్పుడే గోడ పట్టుకుని అడుగులు వేస్తోంది.

డెబ్బైల మొదటి రోజులవి. ధరలు ఎలా పెరిగాయో ఆ కాలంలో ఇల్లు నడిపినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ వారం చెప్పిన ధర వచ్చే వారానికి ఉండేది కాదు. రేషన్ షాపులో గోధుమలు ఇచ్చేవారు. అన్నం తినే మా కడుపులకు రొట్టె ఆనేది కాదు. ఆడవాళ్లు పప్పులో నీళ్లు పోసి, ఇంకొంచెం పోసి, చివరికి అది పప్పో చారో తెలియకుండా చేసేవారు. కూరగాయలు చీకటి పడే ముందు కొనేవాళ్లం. వాడిపోయినా అప్పుడు చవకగా వచ్చేవి.

ఆ రోజుల్లోనే మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. వీధి చివరి కొట్లో విడిగా కొనకుండా, జీతాలు రాగానే నాలుగిళ్లవాళ్లూ డబ్బులు కలిపి నా చేతికి ఇచ్చేవారు. నాకు సైకిలుంది. బేరం ఆడతానని పేరుంది. సాక్చీ బజారులో టోకు కొట్లకు వెళ్లి కందిపప్పు బస్తా తెచ్చేవాణ్ణి. తెచ్చి పైడమ్మప్ప అరుగు మీద దించేవాణ్ణి. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె నాకు చుట్టం కాదు. భర్త పోయి, మా వరసలోనే ఒక గదిలో ఒంటరిగా ఉండేది. పప్పు చేటలో పోసి చెరిగి, రాళ్లు ఏరి, ఇత్తడి సోలతో ఇంటికింత అని కొలిచి పోసేది. ఆ కష్టానికి కూలి లేదు. చెరిగినప్పుడు మిగిలిన నూక ఆమెది. ఆ నూకతోనే ఆమెకు నెలంతా పప్పు గడిచేది.

వీధిలో ఎవరికైనా సరే, పైడమ్మప్ప కొలతంటే కొలతే. నా బేరమంటే బేరమే. "తమ్ముడెల్తే సేటు భయపడతాడే!" అని ఆమె అందరి ముందూ అనేది. అది విని నేను పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, నన్ను పాడుచేసింది ఆకలి కాదు, ఆ పొంగే అనిపిస్తుంది.

ఒక నెల నేను వెళ్లేసరికి పప్పు ధర మళ్లీ పెరిగింది. చేతిలో ఉన్నవి పోయిన నెల లెక్కన ఇచ్చిన డబ్బులు. ఏం చేయాలి? తక్కువ పప్పు తెచ్చి, ధర పెరిగిందని చెబితే సరిపోయేది. ఎవరూ కాదనేవారు కాదు. అందరూ రోజూ తిట్టుకుంటున్నదే కదా! కానీ బస్తా చిన్నదైతే వాళ్లు నన్ను చూసే చూపు మారుతుందనిపించింది. మధ్యలో తిన్నాడనుకుంటారేమో అనిపించింది. అంతకన్నా, నా బేరం ఓడిపోయిందనుకుంటారేమోనని సిగ్గేసింది.

కొట్టువాడే దారి చూపించాడు. పక్క బస్తాలో ఖేసారి ఉంది. అది చూడ్డానికి కందిపప్పులాగే ఉండే ఒక పప్పు. బాగా చవక. అది ఎక్కువగా తింటే కాళ్లు పడిపోతాయని బీహార్ పల్లెల్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కొంచెం కలిపితే ఏమీ కాదన్నాడు. నమ్మానా? నమ్మాలని నిర్ణయించుకున్నాను. కలిపి కట్టించాను.

ఇక్కడిదాకా రాయడం కష్టమే, కానీ రాయగలిగాను. దీని తర్వాతది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

మా ఇంటి వాటా కలపనివ్వలేదు. మంచి కందిపప్పు వేరుగా తూయించి, గుడ్డసంచిలో పోయించి, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకున్నాను. మా పాప కాళ్లు గుర్తొచ్చాయి. మిగతా ఇళ్లలోనూ పిల్లలున్నారు. ఆ సంగతి ఆ కొట్లో నిలబడ్డప్పుడు నాకు గుర్తు రాలేదని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. అబద్ధం. గుర్తొచ్చింది. గుర్తొచ్చినా బస్తా కట్టించాను.

అరుగు మీద బస్తా విప్పగానే పైడమ్మప్పకు తెలిసిపోయింది. రెండు గింజలు నోట్లో వేసుకుని, "ఇందులో ఏటో కలిసినట్టుంది తమ్ముడూ" అంది. బజారంతా ఇలాగే ఉందని, మా వాటా ముందే ఇంట్లో దించేశానని చెప్పాను. నేను చెప్పానని నమ్మింది. చెరిగింది, కొలిచింది, పోసింది. మరుసటి నెలా అదే జరిగింది.

రెండో నెల సగంలో, మా నాలుగిళ్లలో ఒకడైన సింహాచలం పెళ్లాం నారాయణమ్మకు పప్పు సరిగా ఉడకడం లేదని అనుమానం వచ్చింది. పక్కింటి బీహారీ ఆవిడకు చూపించింది. ఆవిడ "అరే, యే తో ఖేసారీ హై!" అనేసింది. ఆ సాయంత్రం అందరూ పైడమ్మప్ప అరుగు ముందు చేరారు. నేను డ్యూటీ నుంచి వచ్చి సైకిల్ దిగుతున్నాను.

"ఏటే పైడమ్మా, మా పిల్లల కాళ్లిరిసేద్దామనుకున్నావేటి?" అంటోంది నారాయణమ్మ.

"నానేటి సేసినానే? ఎలగొచ్చిందో అలగే కొలిసినాను."

"మరి మా మంచి పప్పెక్కడికెల్లిపోయింది? నీ డబ్బాల్లోకా?" అన్నాడు సింహాచలం. "నూకలు సాల్లేదేటి నీకు?"

ఎవరో నవ్వారు. పైడమ్మప్ప నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో భయం లేదు. నేను వచ్చాను కాబట్టి ఇక అయిపోయిందనుకుంది. ఆ ధీమా నాకిప్పటికీ కనిపిస్తుంది.

"అదిగో తమ్ముడొచ్చినాడు. సెప్పు తమ్ముడూ, నువ్వు తెచ్చిందే కదా ఇది?"

"నాను తెచ్చింది మంచి పప్పే అప్పా" అన్నాను. "తరవాతేటయిందో నాకేటి తెలుసు?"

చాలా మామూలుగా అన్నాను. గొంతు కూడా వణకలేదు. వణికి ఉంటే ఎవరైనా అనుమానించేవారేమో.

ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు మా గుమ్మం దగ్గరికి వచ్చి, నాలుగిళ్ల సొత్తయిన ఆ ఇత్తడి సోలను నా చేతిలో పెట్టింది. మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అంది: "ఈ రెండు నెల్లూ మీ ఇంటి పప్పు నా సేటలోకి రానేదు తమ్ముడూ."

నేను సోల వైపే చూస్తూ నిలబడ్డాను. లోపల మా పాప ఏదో పడేసి నవ్వింది.

"పాప బాగా నడుత్తందా?" అని అడిగింది.

"నడుత్తంది అప్పా."

తలూపి వెళ్లిపోయింది. ఆమెకు అంతా తెలుసు. ఎందుకు చేశానో కూడా తెలుసు. ఆ మాట వీధిలో ఎందుకు అనలేదు? తన మాట ఎవరూ నమ్మరనుకుందా? లేక నేనే చెబుతానని ఎదురుచూసిందా? ఇది నేను ఎప్పటికీ తెలుసుకోలేను.

కొన్నాళ్లకు గది ఖాళీ చేసి, స్టేషన్ అవతల బాగ్‌బేరాలో ఎవరో దూరపు బంధువుల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె లేకపోయేసరికి ఏర్పాటు చెదిరిపోయింది. ఎవరి పప్పు వాళ్లు వీధి కొట్లో ఎక్కువ ధరకు కొనుక్కున్నాం. కొనేటప్పుడల్లా అందరూ ఆమెనే తిట్టేవారు. నేను తిట్టలేదు. ఆపనూ లేదు. ఎవరి కాళ్లకూ ఏమీ కాలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత ఒకసారి టాటానగర్ స్టేషన్ పక్క నుంచి వెళ్తూ ఆమెను చూశాను. గూడ్సు బండ్ల నుంచి ధాన్యం దించేచోట, రాలిన గింజలను మట్టితో సహా ఊడ్చి తెచ్చి, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెరుగుతున్నారు. వాళ్లలో ఉంది. మసి, మట్టి, గోధుమ గింజలు. చేట మాత్రం అదే తీరులో ఎగురుతోంది. నేను సైకిల్ దిగాను. ఆమె తలెత్తలేదు. ఎత్తితే మాట్లాడేవాణ్ణా? మళ్లీ సైకిల్ ఎక్కి వచ్చేశాను. పోయిన వానల్లో ఆమె చనిపోయిందని విన్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా వీధిలో ఒక మాట మిగిలిపోయింది. పాలలో నీళ్లు కలిసినా, పంచదారలో రవ్వ కలిసినా "పైడమ్మ సేటలో పడిందేటి?" అని నవ్వుతారు. ఆమెను చూసినవాళ్లు సగం మంది ఊళ్లు మారిపోయారు. మాట మాత్రం ఉంది. నేనూ ఎన్నోసార్లు నవ్వాను.

పోయిన నెల మా అమ్మాయి వంటింట్లో పప్పు ఏరుతోంది. కొట్టువాడు మళ్లీ ధర పెంచాడని వాళ్లమ్మ గొణుగుతోంది. పిల్ల ఒక రాయి తీసి చూపించి, "మా, యే భీ పైడమ్మ కే సేట్ సే ఆయా క్యా?" అని, ఇదీ పైడమ్మ చేటలోంచే వచ్చిందా అని అడిగి, పకపకా నవ్వింది. పైడమ్మ ఎవరో దానికి తెలియదు. తను చిన్నప్పుడు ఆమె ఒళ్లో కూర్చుని నూక నోట్లో వేసుకున్న సంగతీ తెలియదు. రాయి పారేయడానికి చకచకా నడుచుకుంటూ వాకిట్లోకి వెళ్లింది. నేను దాని కాళ్ల వైపు చూశాను. ఆ రోజు నేను నవ్వలేకపోయాను.

దానికింకా చెప్పలేదు. చెబుతానో లేదో ప్రమాణం చేయలేను. క్షమించమని అడగడానికి ఆమె లేదు, మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. భాలుబాసాలో ఆ వీధివాళ్లెవరైనా ఇది చదివితే, ఆ మాట అనడం మానేయండి. ఆ పప్పులో ఖేసారి కలిపించింది నేను. పైడమ్మప్ప చేటలో ఏ కల్తీ పడలేదు.