టెస్ట్ పేషెంట్ పేరు మీద రెండు స్కాన్లు

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఆమె కంప్యూటర్ తెర మీద పదిహేడు స్కాన్లు, ఎక్స్‌రేలు దిక్కులేకుండా పడి ఉన్నాయి. రోగి నంబరులో ఒక్క అంకె తప్పినా బొమ్మ వచ్చి ఇక్కడే పడుతుంది. అది ఎవరిదో కనుక్కుని వాళ్ల రికార్డుకి కలపడమే ఆమె ఉద్యోగం. కింద స్కాన్ గదుల్లో ఆమెని జతలక్క అంటారు. ఇరవై ఆరేళ్ల క్రితం ఇదే ఆసుపత్రి చీకటిగదిలో ఫిల్ములు కడగడానికి చేరింది. ఫిల్ములు పోయాయి, ఆమె మిగిలింది.

ఫోన్ మోగింది. సర్జన్.

"ఏమ్మా, మా టైలర్ పెద్దాయన పొట్ట స్కాన్ ఏదీ? మంగళవారం తీశారని కేస్ షీట్‌లో రాసుంది, సిస్టంలో ఏమీ లేదు. పదకొండుకి ఆపరేషన్."

"మళ్లీ తీయించకూడదా సార్?"

"ఆయన కిడ్నీలు అసలే అంతంతమాత్రం. స్కాన్ కోసం రంగుమందు మళ్లీ ఎక్కిస్తే దెబ్బతింటాయి. అలాగని వాయిదా వేస్తే పేగు పూర్తిగా మూసుకుపోవచ్చు. వెతుకు."

పెట్టేసిన వెంటనే వదిన ఫోన్. "అమ్మ కళ్ల పరీక్షకి వస్తున్నావా లేదా?"

"ఇవాళ నువ్వే తీసుకెళ్లు వదినా, కుదరదు."

"నీకు కుదిరిందెప్పుడులే."

మెట్లు దిగి సీటీ స్కాన్ గదికి వెళ్లింది. టెక్నీషియన్ ఆమె మొహం చూడగానే తల గోక్కున్నాడు.

"మంగళవారం పొద్దున నలభై నిమిషాలు నెట్‌వర్క్ పోయింది కదక్కా. అప్పుడు ఇద్దర్ని టెస్ట్‌లో తీశాను. మారుద్దామనుకున్నా, డ్యూటీ అయిపోయింది."

యంత్రాన్ని పరీక్షించుకోవడానికి సిస్టంలో 'టెస్ట్' అనే రోగిని పెట్టారు. పుట్టిన తేదీ 1900 జనవరి ఒకటి. సిస్టం మొరాయించినప్పుడల్లా అసలు రోగుల్ని కూడా ఆయన పేరు మీదే తీసేస్తారు. ఇప్పటికి ఆయనకి నాలుగు విరిగిన కాళ్లు, ఒక గర్భసంచి ఉన్నాయి.

"పేర్లు రాసిన చీటీలేవి?"

"చొక్కా జేబులో ఉండిపోయాయి. మా ఆవిడ ఉతికేసింది."

"నిన్ను కూడా కలిపి ఉతకాల్సింది."

తొమ్మిది నిమిషాల తేడాతో తీసిన రెండు స్కాన్లు. ఇద్దరూ ముసలివాళ్లే, ఇద్దర్నీ ఒకే అనుమానంతో ఆ సర్జనే పంపాడు. రెండింటిలోనూ పెద్దపేగు ఒకచోట మందంగా కనిపిస్తోంది.

"టైలర్ది రెండోదే అక్కా. దాదాపు ఖాయం."

"దాదాపు అని పొట్ట కోస్తారా?"

ఆమె కుర్చీ లాక్కుని బొమ్మల్ని ఒక్కొక్కటే కిందికి జరుపుతూ చూసింది. పొట్ట స్కాన్‌కి చేతులు తల పైకి పెట్టి పడుకోమంటారు. మొదటి స్కాన్‌లో పొట్ట పక్కనే కుడిచేతి ఎముకలు తెల్లగా కనిపిస్తున్నాయి. రెండోదాంట్లో అవి లేవు.

లిఫ్టు స్ట్రెచర్లతో నిండి ఉంది. మూడో అంతస్తుకి నడిచే ఎక్కి, రొప్పుతూ టైలర్ మంచం పక్కన నిలబడింది.

"పెద్దాయనా, రెండు చేతులూ ఒకసారి పైకెత్తండి."

ఎడమ చెయ్యి లేచింది. కుడిది భుజం దగ్గరే ఆగిపోయింది.

"రెండేళ్లుగా అంతేనమ్మా," అంది ఆయన భార్య. "చొక్కా కూడా నేనే తొడగాలి. ఆ స్కాన్ అబ్బాయి ఎత్తమని ఒకటే గోల. చివరికి విసుక్కుని అలాగే తీసేశాడు."

జతలక్క కిందికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది. "అవునక్కా, గుర్తొచ్చింది," అన్నాడు టెక్నీషియన్. "ఆ మొండాయన! ముందు ఆయన్నే తీశాను." స్కాన్‌ని టైలర్ రికార్డుకి కలిపినట్టు ఆమె, టెక్నీషియన్ ఇద్దరూ సంతకం పెట్టాలి. పెట్టేసరికి పది నలభై ఎనిమిది. సర్జన్ "వచ్చింది" అని ఫోన్ పెట్టేశాడు.

"అయిపోయింది కదక్కా, టీ తాగుదాం పద," అన్నాడు టెక్నీషియన్.

"రెండో ఆయన సంగతో?"

"ఆయన స్కాన్ గురించి ఎవరూ అడగలేదుగా."

"అడగలేదు కాబట్టే. పేగులో అంత కనిపిస్తుంటే ఆ మనిషి ఏమీ తెలియకుండా ఇంట్లో కూర్చుని ఉంటాడు."

ఆ పూట నెట్‌వర్క్ లేదు కాబట్టి స్కాన్ ఎవరికి రాశారో సిస్టంలో నమోదు కాలేదు. ఆమె మంగళవారం ఓపీ రిజిస్టర్ తెప్పించుకుంది. ఆ సర్జన్ చూసినవాళ్లు ముప్పై ఎనిమిది మంది. ఆడవాళ్లని, కుర్రవాళ్లని, టైలర్‌ని కొట్టేస్తే పదమూడు మంది మిగిలారు. మొదటి నంబరు స్విచాఫ్. రెండోది నొక్కింది.