పొదిలిలో విప్పిన గోతం

కనిగిరి దగ్గరి ఒక హైస్కూల్లో ఏనాడో అంతరించిన భారీ నేల స్లాత్‌లనే జంతువుల గురించి మాట్లాడమన్నారు. ఫిబ్రవరి చివర, గుంటూరులో ఉదయం ఆరింటి బస్సెక్కాను. ఆ జంతువు గోరుకు ప్లాస్టర్ నమూనా ఒకటి తెచ్చాను. జానెడున్నర పొడవు, కొడవలి వంపు. విరగకుండా మిరపకాయల గోతంలో గడ్డి కూరి పెట్టాను. అదే నా తెలివితక్కువ పని.

మిరపకోతలు ముగించుకుని ఇళ్లకు పోతున్న ఆడకూలీలతో బస్సు నిండింది. కూలి కింద వచ్చిన ఎండుకాయల గోతాలు వెనక పేర్చారు. కండక్టర్ నాదీ అక్కడే పడేశాడు. అద్దంకి దాటేదాకా తుమ్ములే.

"ఈ ఘాటుకి దయ్యం కూడా ఎక్కదండి ఈ బస్సు," అంది పక్క సీటావిడ.

పదిన్నరకు పొదిలి. ఆవిడ తనదనుకుని నా గోతం దింపించుకుంది. తేలిగ్గా ఉందని అక్కడే మూతి విప్పి కెవ్వుమంది.

నేను దిగేసరికే జనం మూగారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఆ వారమంతా ఫోన్లలో పుకారు.

"ఎవడిదిరా ఇది?"

"నాదేనండి," అంటూ జనంలోకి దూరాను.

ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. "పులిగోరా? క్షుద్రపూజలు చేస్తావా?"

పులి కాదన్నాను. ఆకులు తినే జంతువు, అమెరికా ఖండాలది, వేల ఏళ్ల కిందటే అంతరించింది. చెట్లకు వేలాడే స్లాత్‌లు దీని దగ్గరి చుట్టాలు, చీమల్ని తినే యాంటీటర్లు దూరపు చుట్టాలు. గోరు ఒక్కటే చూసి జాతి తేల్చకూడదు, పళ్లూ ఎముకలూ పోల్చాలి. సభల్లో చప్పట్లు కొట్టించే మాటలివి. ఇక్కడ ఒక్కరూ వినలేదు. ఇది ఉత్త ప్లాస్టరేనని కళ్లారా చూస్తే నమ్ముతారని గోరు కొన విరిచాను. తెల్లటి పొడి రాలింది.

"ముగ్గుపిండిరోయ్. చేతబడిగాడే," అన్నాడెవడో. వెనక ఒక కర్ర లేచింది.

అంతలో బస్సు కదిలింది.

"ఒరేయ్ తమ్ముడూ, వాణ్ణొదిలెయ్. నా కాయలు బస్సులోనే ఉన్నాయి," అంటూ ఆవిడ పరుగెత్తింది. నా చొక్కా వదిలి అతను బస్సుకు అడ్డం పడ్డాడు. జనమూ అటే పోయారు. వాళ్లు వెనక గోతం దింపుతుంటే నేను గోరు చంకన పెట్టుకుని ముందు తలుపులోంచి ఎక్కేశాను. నన్ను కాపాడింది శాస్త్రం కాదు, ఆవిడ కష్టార్జితం.

బడిలో ఒక అమ్మాయి అడిగింది: "అంత పెద్దది ఎందుకు చచ్చిపోయింది సార్?"

"వాతావరణం మారిందంటారు, మనుషులు వేటాడారంటారు. మనిషిని చూసి భయపడాలని దానికి తెలిసి ఉండదమ్మా."

సాయంత్రం నాలుగింటి బస్సులో తిరుగు ప్రయాణం. మూఢభయాల మీద ఎన్నో వ్యాసాలు రాశాను. అన్నిట్లోనూ భయపడేది ఎదుటివాళ్లే. పొదిలిలో బస్సు పావుగంట ఆగింది.

"టీ తాగి రండి సార్," అన్నాడు డ్రైవర్.

నాలుక పిడచకట్టుకుపోతోంది. అయినా సీట్లోంచి లేవలేదు.