కాలరక్కకు పద్నాలుగు మార్కులు

మా చొక్కాల ఫ్యాక్టరీలో కటింగ్ గది పెద్దను అందరూ కత్తెర మాస్టారు అంటారు. ఆయన కత్తెర వదిలేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు కోసేదంతా కరెంటు కత్తే. అయినా పేరు పోలేదు, కోపమూ పోలేదు. ఎనభై పొరల గుడ్డను చెయ్యి వణక్కుండా కోసే మనిషి దగ్గర ఎవరైనా "చూద్దాంలే మాస్టారూ" అంటే చాలు, అగ్గి మీద గుగ్గిలమే.

ఆయన బడికి వెళ్లింది ఏడో తరగతి దాకా. ఇంగ్లీషు నేర్చుకున్నది ఆర్డరు కాగితాల మీద. మొదట్లో ఆ కాగితాలను ఆఫీసు గుమాస్తా చదివి అర్థం చెప్పేవాడు. ఒకసారి జేబు కొలత మారుతోందని ఉత్తరం వస్తే, గుమాస్తా దాన్ని పైపైన చూసి "ఏదో మారుస్తారట" అని ఊరుకున్నాడు. ఎప్పుడో కాబోలనుకుని పాత కొలతకే నాలుగు వందల చొక్కాలు కోశారు. అన్నీ వెనక్కొచ్చాయి. తిట్లు తిన్నది మాత్రం మాస్టారు. ఇక ఇంకొకడి నోటితో కాగితం చదవకూడదని పంతం పట్టి, అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి సంపాదించి, ఒక్కో మాటకూ పక్కన అర్థం రాసుకుంటూ ఐదేళ్లలో తనే చదివే దశకు వచ్చారు.

తర్వాత మాకు చెప్పడం మొదలుపెట్టారు. భోజనం బెల్లు కొట్టాక అరగంట, కటింగ్ బల్ల మీద బ్రౌన్ కాగితం పరిచి సుద్దతో పాఠం. మిషన్లు బాగుచేసే నేను, కాలర్లు కుట్టే కాలరక్క, మాస్టారి అన్న కూతురు, ఇంకో ఆరుగురు బల్ల చుట్టూ నిలబడేవాళ్లం. కూర్చుంటే కునుకు పడుతుందని కూర్చోనిచ్చేవారు కాదు.

రేపటి సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆయన చెప్పిన తీరు నాకింకా గుర్తుంది.

"గుడ్డ తాను ఇంకా అరలోనే ఉంది. ఇదెవరు కోస్తారని మేనేజరు అడిగాడు. నువ్వు అప్పటికప్పుడు 'నేను కోస్తానండి' అన్నావు. అది విల్. తర్వాత గుడ్డ పరిచావు, గీత గీశావు, కత్తి ఇంకా పెట్టలేదు. 'కోయబోతున్నాను' అంటావు. అది గోయింగ్ టు. కుట్టు సెక్షన్‌తో మాట్లాడుకుని, ఏ బల్ల మీద ఎన్నింటికో చీటీ రాసి గోడకి గుచ్చావు. 'రేపు పదింటికి కోస్తున్నాను' అంటావు. అది అయామ్ కటింగ్. మూడూ రేపటివే. పని ఎంతదాకా వచ్చిందో ముందు చూడు, నోరు తర్వాత తెరువు."

"మనం అన్నిటికీ 'చేస్తాలే' అని సరిపెట్టేస్తాం కదా మాస్టారూ" అంది కాలరక్క.

"అందుకే మీ ఆయన కిటికీ తలుపు బిగిస్తానని చెప్పి మూడేళ్లయింది."

"అది విల్ కూడా కాదు మాస్టారూ, వట్టి సొల్లు."

ఈ ఏడు కుట్టు సెక్షన్‌లో సూపర్‌వైజర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఇంగ్లీషు పరీక్ష పెట్టి, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు ఇస్తామన్నారు. శిక్షణ ఇవ్వడానికి బయటినుంచి ఒకాయన వచ్చాడు. టై సార్ అని పేరు పెట్టాం. ఆయన తెర మీద రంగుల బొమ్మలు వేసి, "ఫ్యూచర్ అంటే విల్! అంతే! సింపుల్!" అని అరిపించి, మాచేత చప్పట్లు కొట్టించేవాడు. రెండు రకాల చదువు వద్దు, బల్ల దగ్గర పాఠం ఆపండని మేనేజరు చీటీ పంపాడు. మాస్టారు పళ్లు కొరికారు. మేమూ బల్ల దగ్గరికి వెళ్లడం మానేశాం. మా ఉద్యోగాలు మాకు కావాలి.

పరీక్ష ఇరవై మార్కులకు. పదిహేను వస్తే పాసు. ఫలితాలు అంటించిన రోజు కాలరక్క సరాసరి కటింగ్ గదిలోకి వచ్చింది.

"పద్నాలుగు" అంది. "డబ్బాల దొంతర ఒరిగిపోతోంది, ఏమవుతుంది అని బొమ్మ ఇచ్చారు. కళ్లముందే ఒరుగుతోంది కదా, గోయింగ్ టు ఫాల్ అని రాశాను. తప్పట. అట్లాంటివి మూడు. మీరు చెప్పిందే రాశాను మాస్టారూ. మీ మాట వినకపోతే పాసయ్యేదాన్ని."

మాస్టారు నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లారు. పైనుంచి మొదటి పేరు ఆయన అన్న కూతురిది. ఇరవైకి ఇరవై. ఆ మూడు ప్రశ్నలకూ ఆ పిల్ల ఏం రాసి ఉంటుందో ఆయనకు అక్కడే అర్థమైంది. మెడ నరాలు ఉబ్బాయి.

ముందు మేనేజరు గదికి వెళ్లారు. ఆ గది పక్కనే, సగం అద్దాల గోడకు ఇవతల, నేను నమూనాల మిషను విప్పి కూర్చున్నాను. అంతా వినపడింది.

"మూడు జవాబులు తప్పుగా దిద్దారు" అన్నారు మాస్టారు.

అక్కడే కూర్చున్న టై సార్ నవ్వాడు. "మీరు ఎక్కడ చదువుకున్నారండీ?"

"ఆర్డరు కాగితాల మీద. మీరు?"

"నాకు సర్టిఫికెట్ ఉంది."

"దాన్ని తొడుక్కుని తిరుగుతారా? జవాబు సంగతి చెప్పండి."

మేనేజరు చెయ్యి ఎత్తాడు. "చూడండి మాస్టారూ, ఫెయిలైనవాళ్లు వంద చెప్తారు. పాసైనవాళ్లెవరైనా తప్పంటే అప్పుడు వింటాను. వెళ్లి పని చూసుకోండి."

ఆయనా, వెనకే నేనూ కటింగ్ గదికి తిరిగొచ్చేసరికి అన్న కూతురు బల్ల దగ్గర నిలబడి ఉంది, స్వీటు పొట్లంతో.

"తెలిసే రాశావా?" అన్నారు.

"ఏంటి బాబాయ్?"

"నంగనాచి కబుర్లు చెప్పకు. డబ్బాల బొమ్మకి ఏం రాశావు?"

"విల్ అని. వాళ్లకి కావాల్సింది అదే కదా."

"అది తప్పని తెలుసా, తెలీదా?"

"తెలుసు! తెలిస్తే? నాకు పోస్టు కావాలి బాబాయ్. నువ్వు ముప్పై ఏళ్లుగా అన్నీ కరెక్టుగా చెప్పి ఎక్కడున్నావు? ఈ బల్ల దగ్గరే కదా!"

గదిలో కత్తి ఆగిపోయింది. మాస్టారి మొహం జేవురించింది.

"ఈ బల్ల దగ్గర ఒక పద్ధతుంది. గీత తప్పు పడిందని చూసినవాడు గుడ్డ మీద అరచెయ్యి ఆనించాలి. ఊడ్చే మనిషైనా సరే. చెయ్యి ఆనిందంటే యజమాని వచ్చినా కత్తి ఆడదు. కుట్టులోకి పోకముందు నువ్విక్కడే మూడేళ్లు పొరలు పరిచావు. కాలరక్క మీదికి కత్తి వస్తుంటే చూస్తూ చెయ్యి జేబులో పెట్టుకున్నావు. దానికి స్వీట్లు కూడానా? తియ్యి ఇక్కడినుంచి!"

ఆ పిల్ల పొట్లాన్ని బల్లకేసి కొట్టినట్టు పెట్టి వెళ్లిపోయింది. దాన్నెవరూ విప్పలేదు.

రెండు రోజులు బాబాయీ, అన్న కూతురూ మాట్లాడుకోలేదు. మాస్టారు అందరి మీదా విరుచుకుపడ్డారు. సుద్ద మొద్దుబారిందని నన్నూ తిట్టారు. సుద్దకీ నాకూ ఏ సంబంధమూ లేదు. కాలరక్క మాత్రం కాలర్లు కుడుతూనే ఉంది. పక్క మిషను మీద మాస్టారి అన్న కూతురు. ఇద్దరి మధ్యా చేతి దూరమే, అయినా దారం కండె కావాలంటే ఎవరికి వాళ్లే లేచి తెచ్చుకునేవాళ్లు.

మూడో రోజు పొద్దున్నే ఆ పిల్ల మిషను ఆపి లేచింది. ఇంకా ఆ నమూనాల మిషనుతోనే కుస్తీ పడుతున్న నన్ను దాటుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. టై సార్ కొత్త బ్యాచ్‌కి కాగితాలు సర్దుకుంటున్నాడు.

"సార్, నా పేపర్లో మూడు తప్పులున్నాయి. మీరు రైటు కొట్టారు" అంది.

"ఏమ్మా, మీ బాబాయ్ పంపాడా?" అన్నాడు మేనేజరు.

"ఆయన నాతో మాట్లాడట్లేదు. పాసైనవాళ్లు చెప్తే వింటానన్నారట. నాకు ఇరవై వచ్చాయి, నేను చెప్తున్నాను. మీ ఆర్డరు ఫైలు తియ్యండి, ఆర్డరిచ్చేవాళ్లు ఎలా రాస్తారో మీరే చూడండి."

మేనేజరు విసుగ్గానే ఫైలు తీశాడు. ఆ పిల్ల వేలు పెట్టి, గోయింగ్ టు అని రాసిన నాలుగు ఉత్తరాలు చూపించింది. టై సార్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "అలా కూడా అనొచ్చు సార్. నేర్చుకునేవాళ్లకి సులువుగా ఉంటుందని..." అని నీళ్లు నమిలాడు.

"సులువు కోసం కాలరక్క ఫెయిలవ్వాలా?" అంది. ఆ గొంతు అచ్చం మాస్టారిదే.

మేనేజరు పేపర్లు మళ్లీ దిద్దించాడు. కాలరక్కకి పదిహేడు. ఈ పిల్లకీ పదిహేడే. అందరికంటే ఎక్కువ ఆ ఇద్దరివే. సమానమైతే ముందు చేరినవాళ్లకి అని రూలు. కాలరక్క ఈ పిల్లకంటే పదకొండేళ్ల ముందు చేరింది. పోస్టు ఆమెకు వెళ్లింది.

సాయంత్రం ఆ పిల్ల కటింగ్ గదిలోకి వచ్చి తన పేపరు మాస్టారి ముందు పడేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనకే కాలరక్క, ఏం చెయ్యాలో తెలియని మొహంతో.

"పోయింది. చల్లగా ఉందా ఇప్పుడు?"

ఆయన పేపరు అందుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. ఓదారుస్తారేమోనని నేననుకున్నాను.

"పదిహేడు ఎవడిచ్చాడు నీకు? పదహారు. తొమ్మిదోది చూడు. 'లారీ వచ్చినప్పుడు ఫోన్ చేస్తాను' అని ఇంగ్లీషులో రాయాలి. 'వెన్' తర్వాత లారీకి విల్ తగిలించావు. అక్కడ విల్ రాదు."

"అది నువ్వెప్పుడు చెప్పావు?" అరిచింది.

"పాఠం ఆపమన్న వారమే చెప్పాల్సింది!" అంటూనే, "నీదీ తీసుకురా" అని కాలరక్క మీద కేక వేశారు. ఆమె పేపరు చూశారు. "నీదీ తప్పే. సూపర్‌వైజరువి నువ్వు. రేపు లారీవాడితో ఇట్లాగే మాట్లాడతావా? ఇద్దరూ రేపు భోజనం బెల్లుకి ఇక్కడుండాలి. ఎవడు ఆపుతాడో చూస్తాను."

"నేను రాను. నీకో దండం, నీ పాఠానికో దండం" అని ఆ పిల్ల విసవిసా వెళ్లిపోయింది.

మర్నాడు కాలరక్క కంటే ముందే వచ్చింది. మాస్టారి వైపు చూడకుండా, నా పక్కన నిలబడి, "తొందరగా చెప్పమను, నాకు పనుంది" అంది.